కార్ఖానా ఊళ్ల పాటను కాన్వెంటు పిల్లలకు రాసివ్వకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో గొప్ప హార్డ్ రాక్ (గిటార్ మోత ఎక్కువగా ఉండే పాశ్చాత్య సంగీతం) ఆల్బమ్‌ల జాబితాతో వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో డీప్ పర్పుల్ లాంటి ఇంగ్లండ్ బ్యాండు పేరు కనబడటమే అరుదు కాబట్టి సంతోషమే. కానీ ఈ సంగీతం మన దేశంలో బొంబాయి, బెంగళూరు కాన్వెంటు పిల్లల దగ్గరే ఆగిపోయిందనీ, చిన్న ఊళ్లు దాని మొహం చూడలేదనీ అందులో రాశారు. చంద్రపూర్ జిల్లాలో పుట్టి పెరిగిన తెలుగువాడిగా ఈ మాట ఒప్పుకోలేను.

మా నాన్న కాగజ్‌నగర్ నుంచి బల్లార్షాకు పేపరు మిల్లు పని కోసం వచ్చాడు. నేను ఐటీఐలో ఫిట్టర్ చదివి, బొగ్గు గనుల వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాను. మాకు బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు పాసు మార్కులకు సరిపోయేంత. 1980ల మొదట్లో సికింద్రాబాద్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చినప్పుడల్లా క్యాసెట్లు తెచ్చేవాడు. అక్కడి రికార్డింగ్ సెంటర్లో తొంభై నిమిషాల క్యాసెట్ ఇస్తే ఒక్కో వైపు ఒక్కో ఎల్పీ రికార్డు ఎక్కించేవాళ్లు. డీప్ పర్పుల్ వాళ్ల 'మెషీన్ హెడ్' 37 నిమిషాలే. మిగిలిన టేపు వృథా ఎందుకని షాపాయన చివర్లో ఒక బాలు పాట పెట్టాడు. ఇప్పటికీ ఆ ఆల్బమ్‌లో ఆఖరి పాట అయిపోగానే ఇక బాలు గొంతు రావాలి కదా అనిపిస్తుంది.

మీ వ్యాసకర్త బ్లాక్ సబ్బత్ బ్యాండును రెండు లైన్లలో తేల్చేశారు. అందులో ఒక లైను వాళ్ల గాయకుడు ఓజీ ఆస్బోర్న్ స్టేజి మీద గబ్బిలం తల కొరకడం గురించి. 2025 జులైలో ఆయన పోయినప్పుడు కూడా పేపర్లన్నీ ఆ గబ్బిలాన్నే పట్టుకున్నాయి. నా లెక్కలో అన్నిటికన్నా పైన ఉండాల్సింది 1970లో వచ్చిన వాళ్ల 'పారనాయిడ్'. మొదటి పాట 'వార్ పిగ్స్' మెల్లగా, భారంగా మొదలవుతుంది, కాసేపటికి వెనకనుంచి సైరన్ మోగుతుంది. యుద్ధకాలంలో విమానదాడులప్పుడు వేసే సైరన్ అది. మా టూ ఇన్ వన్ టేప్‌రికార్డర్‌లో మొదటిసారి పెట్టినప్పుడు మా అమ్మ మిల్లు సైరన్ అనుకుని వంటింట్లోంచి "ఇప్పుడేం షిఫ్ట్‌రా?" అని అడిగింది. కాన్వెంటు పిల్లల ఇళ్లలో ఈ ప్రశ్న పుట్టదు. ఆల్బమ్‌కు మొదట అనుకున్న పేరు కూడా 'వార్ పిగ్స్' అనే. తర్వాత పేరు మార్చారు గానీ కవర్ మార్చలేదు. అందుకే పారనాయిడ్ అని రాసి ఉన్న అట్ట మీద కత్తి, డాలు పట్టుకున్న మనిషి ఉంటాడు. పేరుకూ బొమ్మకూ పొంతన లేదు.

బ్లాక్ సబ్బత్ నలుగురూ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వాళ్లు. మోటార్లు, ఇనుము, రేకుల కార్ఖానాల ఊరు అది. ఓజీ కొన్నాళ్లు కబేళాలో పనిచేశాడు. గిటార్ వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో చేరి, 17 ఏళ్ల వయసులో, ఆ ఉద్యోగంలో ఆఖరి రోజున మెషీన్ కింద కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. అంట్లు తోమే లిక్విడ్ సీసా ప్లాస్టిక్‌ను కరిగించి, వేళ్లకు తొడుగుల్లా మలిచి, పైన తోలు అంటించుకుని మళ్లీ వాయించాడు. మామూలు తీగలు నొప్పి పెడుతుంటే సన్నవి బిగించాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌కు శ్రుతి కూడా దించి తీగలు వదులు చేశాడు. ఈ రోజు హెవీ మెటల్ అని జనం చెప్పుకునే ఆ బరువైన మోతకు ఇదొక పెద్ద కారణం. నేను వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి. వేళ్లు పోయిన మనుషులను దగ్గరనుంచి చూశాను. అయోమీ చేసింది సంగీతం కంటే ముందు ఫిట్టర్ పని అని నా అభిప్రాయం.

ఇక జాబితాలో మొదటి స్థానంలో ఉన్న లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్. 1971లో పేరే లేకుండా విడుదలైంది. అందరూ 'స్టేర్‌వే టు హెవెన్' అని కలవరిస్తారు. మంచి పాటే, కాదనను. కానీ ఆ ఆల్బమ్‌లో అసలు సరుకు ఆఖరున ఉంది. 'వెన్ ద లెవీ బ్రేక్స్' (ఏటి కట్ట తెగితే) 1927 మిసిసిపీ వరదల మీద నల్లజాతి గాయకులు 1929లో రికార్డు చేసిన పాట. దాన్ని జెప్పెలిన్ వాళ్లు తమ పద్ధతిలో మళ్లీ పాడారు. ఒక పాత బంగళా హాల్లో మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, మైకులు పైఅంతస్తు నుంచి వేలాడదీసి రికార్డు చేశారు. ఆ దెబ్బ మన దగ్గర చైత్రంలో చాందా (చంద్రపూర్) మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి వచ్చే భక్తుల డప్పులా గుండెలో పడుతుంది. వర్ధా నది పొంగినప్పుడు ఊళ్లు ఎలా ఖాళీ అవుతాయో చూసినవాళ్లకు ఆ పాట మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదు.

1972లో వచ్చిన డీప్ పర్పుల్ 'మెషీన్ హెడ్' గొప్పదే. స్విట్జర్లాండ్‌లో వాళ్లు రికార్డు చేద్దామనుకున్న కాసినో ఎవడో పేల్చిన ఫ్లేర్ గన్ (నిప్పు వెలుగు చిమ్మే తుపాకి) వల్ల తగలబడిపోతే, చలికాలానికి మూసేసిన హోటల్ వరండాలో పరుపులు అడ్డం పెట్టుకుని పని కానిచ్చారు. ఆ మంటల మీదే 'స్మోక్ ఆన్ ద వాటర్' కట్టారు. గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ మొదట ఆ ముక్కే వాయించి దాన్ని అరగదీశాడు, అది వేరే సంగతి. నాకైతే అదే ఏడాది ఒసాకా, టోక్యో కచేరీల్లో రికార్డు చేసిన 'మేడ్ ఇన్ జపాన్' ఒక మెట్టు పైన. జాన్ లార్డ్ తన ఆర్గన్‌ను గిటార్ ఆంప్లిఫయర్‌లోకి కలిపి గరగరలాడిస్తుంటే, బ్లాక్‌మోర్ గిటార్ తగ్గేదే లేదని పోటీకి దిగుతుంది. స్టూడియోలో ఆ పంతం వినబడదు.

ఏసీ డీసీ బ్యాండు 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బమ్ గురించి గొడవ లేదు. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ చనిపోతే, జులైకల్లా కొత్త గొంతుతో ఆల్బమ్ బయటపెట్టారు. నాకు మాత్రం స్కాట్ గొంతులోని కొంటెతనమే ఇష్టం. స్కార్పియన్స్ బ్యాండు స్లో పాటలు ఐటీఐలో ప్రేమలేఖలు రాసుకునే బ్యాచ్‌కు పనికొచ్చాయి. అంతకుమించి వాళ్ల గురించి చెప్పను.

జాబితాలో అసలే లేని ఆల్బమ్ ఒకటుంది. జూడాస్ ప్రీస్ట్ బ్యాండు వాళ్ల 'బ్రిటిష్ స్టీల్'. బ్రిటన్‌లో ఉక్కు కార్మికుల సమ్మె జరిగిన 1980లోనే వచ్చింది. బ్యాండులో ఇద్దరు గిటారిస్టుల్లో ఒకరైన గ్లెన్ టిప్టన్ అంతకుముందు ఆ పేరున్న ఉక్కు సంస్థలోనే పనిచేశాడు. కంప్యూటర్ శబ్దాలు లేని రోజులు కదా, ఒక పాటలో ఇనుప మనుషులు కవాతు చేసే చప్పుడు కోసం చెంచాలు, ఫోర్కులు ఉన్న ట్రేలను ఊపారు. ఇంకో పాటలో అద్దం పగిలిన శబ్దం కావాలంటే పాల సీసాలు పగలగొట్టారు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, పొద్దున్నే చాయ్ తాగుతూ వినడానికి ఇంతకంటే మంచి ఆల్బమ్ నాకు దొరకలేదు. ఇంట్లోవాళ్ల అభిప్రాయం వేరు.

మీ జాబితాలో ఏడో స్థానంలో ఈగల్స్ 'హోటల్ కాలిఫోర్నియా' పెట్టారు. వినడానికి బాగుంటుంది, కానీ అది హార్డ్ రాక్ కాదు. దాన్ని తీసేస్తే 'బ్రిటిష్ స్టీల్'కు చోటు దొరుకుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర