సంక్రాంతి శుభాకాంక్షల కార్డులు: జమా ఖర్చుల వివరణ

మా కాలనీ గ్రంథాలయంలోని బాలల విభాగానికి పుస్తకాలు సమకూర్చే ఉద్దేశంతో, ఈ సంక్రాంతికి పిల్లల చేత బొమ్మలు వేయించి, వాటిని శుభాకాంక్షల కార్డులుగా అచ్చు వేయించి అమ్మిన కార్యక్రమం తాలూకు లెక్కలను చందాదారులు, తల్లిదండ్రులు, కార్డులు కొన్నవారు అందరి ఎదుటా ఉంచుతున్నాము.

జమ వైపు మొదటిది గత ఏడాది నిల్వ రూ.1,850. ముప్పై ఏడు కుటుంబాలు తలా రూ.200 చొప్పున ఇచ్చిన చందా రూ.7,400. ఐదు కార్డులు, ఐదు కవర్లు గల కట్టలు రూ.100 చొప్పున 132 అమ్ముడుపోగా రూ.13,200, విడిగా రూ.25 చొప్పున 40 కార్డులకు రూ.1,000 వచ్చాయి. మొత్తం జమ రూ.23,450. పిల్లలకు పెట్టిన ఫలహారాన్ని ఒక సభ్యురాలు తన ఇంటి నుంచి తెచ్చారు. స్కానింగ్ మరొక సభ్యుని ఇంట్లోనే జరిగింది. కనుక ఆ రెండూ ఈ లెక్కల్లో కనిపించవు.

ఖర్చులో పెద్దది రంగుల అచ్చు. ప్రయోగానికి వాడిన 20 షీట్లతో కలిపి 420 ఏ4 షీట్లకు, షీటుకు రూ.12 చొప్పున రూ.5,040 అయింది. ప్లేట్లు చేయించి వేసే ఆఫ్‌సెట్ అచ్చులో చౌకగా వచ్చేది కదా అని కొందరు అడిగారు. బొమ్మలు వేసిన 24 మందిలో ఎవరి బొమ్మనూ పక్కన పెట్టకూడదని, పోటీ, బహుమతి అనే మాటే రాకూడదని ముందే అనుకున్నాము. ఒక్కో బొమ్మకు ముప్పై మూడు, ముప్పై నాలుగు కార్డుల కోసం ప్లేట్లు చేయించడం గిట్టుబాటు కాదు గనుక డిజిటల్ అచ్చుకే వెళ్లాము. బొమ్మ కార్డు ముందు వైపు, దాన్ని వేసిన బిడ్డ పేరు, వయసు వెనుక వైపు వచ్చేలా ఒకే పక్కన అచ్చు వేయించి, లోపలి భాగాన్ని చేతితో రాసుకోవడానికి ఖాళీగా వదిలాము. అందువల్ల రెండో పక్క అచ్చు ఖర్చు తప్పింది. పేరు తప్పనిసరిగా ఉండాలన్నది మా పట్టుదల. 1949లో యునిసెఫ్ తొలి గ్రీటింగ్ కార్డు అయిన బొమ్మను వేసింది చెకొస్లొవేకియాకు చెందిన ఏడేళ్ల యిట్కా సామ్‌కోవా అని నేటికీ చెప్పుకుంటున్నారంటే, ఆ పేరు నిలబెట్టినందువల్లనే.

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) గల దళసరి కాగితం 420 షీట్లు రూ.5.50 చొప్పున రూ.2,310. షీటును సగానికి కోసి, ఆ సగాన్ని మడిస్తే ఏ6 కొలత కార్డు అవుతుంది. ఏ4కూ ఏ6కూ పొడవు వెడల్పుల నిష్పత్తి ఒకటే కనుక, పిల్లలు ఏ4 కాగితం మీద వేసిన గంగిరెద్దు కొమ్ము గానీ గాలిపటం తోక గానీ ఎక్కడా తెగకుండా కార్డు మీదికి వచ్చింది. ప్రయోగపు షీట్లను చేత్తో మడిచినప్పుడు మడత వెంట రంగు పెచ్చులుగా లేచింది. డిజిటల్ అచ్చులో టోనరు అనే రంగు పొడి కాగితంలోకి ఇంకక పైపొరగా నిలుస్తుంది మరి. అందుకే మడతకు ముందు యంత్రంతో క్రీజింగ్, అంటే మడత గీత పడేలా నొక్కించడం, చేయించాము. కటింగుతో కలిపి దానికి రూ.600. ఫ్లోరోసెంట్ స్కెచ్‌పెన్నుల మెరుపు మాత్రం మామూలు రంగుల అచ్చులో రాదు. భోగి మంట వెలవెలబోయిందని చిన్నబుచ్చుకున్న పిల్లలకు ఈ సంగతి పెద్దలే నచ్చజెప్పాలి.

మిగిలిన ఖర్చులు ఇవి: బొమ్మల కాగితం, రంగులు రూ.1,260, కవర్లు 800కు రూ.1,600; కట్టలకు పురికొస, కాగితపు పట్టీలు రూ.130, ఆటో కిరాయి రూ.520, ఇతర ఊళ్లలో ఉంటున్న 12 మంది చందాదారులకు కృతజ్ఞతగా కార్డు పంపిన తపాలా బిళ్లలు రూ.60. కార్డు బరువు తొమ్మిది గ్రాముల పైచిలుకే కావడంతో కవరుతో కలిపినా ఇరవై గ్రాములు దాటలేదు, రూ.5 బిళ్ల సరిపోయింది. మొత్తం ఖర్చు రూ.11,520.

తయారైన 800 కార్డులలో అమ్మినవి 700, పిల్లలకు తలా రెండు చొప్పున ఇచ్చినవి 48, తపాలాలో పంపినవి 12, కోతలో, మడతలో పాడైనవి 22, నిల్వ ఉన్నవి 18. ఈ నిల్వ విలువను జమలో చూపలేదు.

మిగులు రూ.11,930లో పిల్లల పుస్తకాలకు రూ.6,450, చిన్నవారికి అందే ఎత్తులో చేయించిన అలమరకు రూ.4,200 వెచ్చించగా చేతిలో ఉన్నది రూ.1,280. పిల్లలు కార్డులు అమ్మి గ్రంథాలయానికి పుస్తకాలు కొన్నారన్న మాట కాలనీలో వినిపిస్తోంది. వినడానికి బాగున్నా లెక్క అలా లేదు. అమ్మకాల ద్వారా వచ్చింది రూ.14,200, ఖర్చు పోగా మిగిలింది రూ.2,680 మాత్రమే. తక్కినదంతా చందా, పాత నిల్వ. కార్డుకు రూ.14.40 పడుతుండగా కట్టలో దానిని రూ.20కి ఇచ్చాము, పిల్లలకు, చందాదారులకు ఉచితంగా పంచాము కనుక ఇంతకు మించి మిగలదు. వచ్చే ఏడాది ధర పెంచడమా, రంగు కాగితం మీద నలుపు గీతల బొమ్మలు అచ్చు వేయించి ఖర్చు తగ్గించడమా అన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చవలసి ఉంది. రెండోదే మేలని సంఘంలో ఎక్కువ మంది అభిప్రాయం.

బిల్లులు, వోచర్లు గ్రంథాలయంలో ఉన్నాయి, ఎవరైనా పరిశీలించవచ్చు. అసలు బొమ్మలను పిల్లలకు తిరిగి ఇచ్చివేశాము. మూడింటిని మాత్రం ఇంకా ఎవరూ తీసుకోలేదు. ఆ తల్లిదండ్రులు గ్రంథాలయ వేళల్లో వచ్చి, రిజిస్టరులో సంతకం చేసి తీసుకువెళ్లవలసిందిగా కోరుతున్నాము.