"ఏం జేసిండు నీ దేవుడు?" అన్నప్పుడు

సంపాదకులకు నమస్కారం.

బోర్లు ఎండిపోవడం, పత్తి దెబ్బతినడం, అప్పులోళ్లు ఇంటి ముందు కూర్చోవడం మీ జిల్లా పేజీల్లో తరచూ చదువుతుంటాం. ఆ వార్తల్లోకి రానిది ఒకటుంది. కష్టం వచ్చిన ఇంటిని ఊరు అనే మాట. ఆ ఇంట్లో భక్తి ఉందని నలుగురికీ తెలిస్తే ఆ మాట ఇంకా పదునెక్కుతుంది. "వారం వారం పోతివి గదా, ఏం జేసిండు నీ దేవుడు?" చెర్వుగట్టు శివుని గుట్ట ఎక్కి మొక్కు తీర్చుకున్నవాళ్లయినా, జాన్‌పహాడ్ దర్గాలో కందూరు (మొక్కు విందు) చేసినవాళ్లయినా, ఆదివారం మందిరానికి పోయేవాళ్లయినా ఈ మాట పడాల్సిందే. మేము దేవరకొండ, మర్రిగూడ, కల్వకుర్తి వైపు పల్లెల్లో ప్రార్థన కూటాలు నడిపే సంఘ పెద్దలం. మాకు తెలిసిన గ్రంథం బైబిలు కాబట్టి అందులోంచే మాట్లాడతాం. ఆచరణ మాత్రం ఏ దేవుణ్ని నమ్మేవాళ్లకైనా పనికొస్తుందని మా నమ్మకం.

ముందు మా తోటి ప్రసంగీకులకే చెప్పాలి. "ఓపిక పట్టమ్మా, అన్నీ దేవుడే చూసుకుంటడు" అని లేచి వెళ్లిపోతే అది ఆదరణ కాదు. కడుపులో మంట ఎక్కడ పెట్టుకోవాలి? రేపు పొద్దున చాయ్ హోటల్ కాడ అదే మనిషి అదే మాట అంటే ఏమనాలి? ఇవి చెప్పకుండా ఓపిక ఒక్కటే చెబితే విన్నవాడు తిరగబడి తిట్టనన్నా తిడతాడు, లేదా మింగి కూర్చుంటాడు. మింగింది ఎక్కడికీ పోదు.

దావీదు సంగతే చూడండి. కొడుకు అబ్షాలోము తిరగబడితే యెరూషలేము విడిచి పోతున్న దావీదు రాజు మీద షిమీ అనేవాడు రాళ్లు రువ్వి, దుమ్మెత్తి పోసి శపించాడు. "వాడి తల తీసేస్తా" అన్న తన మనిషి అబీషైని దావీదే ఆపాడు. సమూయేలు రెండో గ్రంథం 16వ అధ్యాయంలోని ఈ ఘట్టం మీద ప్రసంగాలు చాలానే విన్నాం. రాజుల మొదటి గ్రంథం 2వ అధ్యాయం దాకా పోయేవాళ్లు తక్కువ. చివరి ఘడియల్లో దావీదు ఇంకో కొడుకు సొలొమోనును పిలిచి, ఆ షిమీని ఊరికే వదలొద్దని చెప్పి పోయాడు. మధ్యలో "నీకు మరణశిక్ష లేదు" అని షిమీకి ప్రమాణం చేసిందీ ఆయనే. అది రాజనీతి అనేవాళ్లున్నారు. అంతటి భక్తుడి లోపల కూడా ఆ రాళ్లు అన్నేళ్లూ కదలకుండా ఉన్నాయనే మాకు అనిపిస్తుంది. ఆ పూట నోరు కట్టుకున్నంత మాత్రాన కృప చూపినట్టు కాదు.

కాబట్టి మనిషికి జవాబు చెప్పేకంటే ముందు మంటనంతా దేవుని దగ్గర కుమ్మరించాలి. దీనికి 13వ కీర్తన చాలు. ఉన్నవి 6 వచనాలే. మొదటి రెండూ నిలదీయడం: ఎన్నాళ్లు, ఎంతకాలం, నన్ను మరిచిపోయావా అని. తర్వాతి రెండూ అడగడం. చివరి రెండూ నమ్మకం, పాట. ఒంటరిగా, గొంతు విప్పి, చేను గట్టు మీదో పశువుల కొట్టం కాడో చదవాలి. మొదటి రెండు వచనాలు అయ్యాక ఆగి, ఎవరు ఏమన్నారో పేర్లతో సహా చెప్పుకోవాలి. దేవుని ముందు మర్యాద మాటలు వెతుక్కోనక్కర్లేదు. తర్వాతి రెండు వచనాల దగ్గర ఒక్కటే అడగాలి, అదీ రేపటికి సరిపడేది: రేపు అప్పు ఇచ్చినాయనతో మాట్లాడే ధైర్యం, లేదా ఈ రాత్రికి నిద్ర. బతుకంతా ఒకేసారి బాగుచేయమని అడిగితే మనసు ఇంకా బరువెక్కుతుంది. చివరి రెండు వచనాలకు నోరు రాకపోతే వదిలేయండి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం లేదు. అయినా అది గ్రంథంలో ఉంది.

ఇక్కడ రెండు చోట్ల గాడి తప్పుతుంది. ఒకటి, నిలదీయడం పాపమనుకొని నేరుగా స్తుతి పాటలోకి దూకడం. ఆ పాట గొంతులోనే ఉంటుంది, మంట మంటగానే ఉంటుంది. రెండోది, ఈ గోడునంతా కూటంలో పేర్లు పెట్టి బిగ్గరగా ప్రార్థించడం. పొద్దుగూకే లోపల అది ఊరంతా తిరుగుతుంది. ఎగతాళి చేసినవాడికి మళ్లీ పని కల్పించినట్టవుతుంది. పేరు చెప్పుకోవాలనుకుంటే నోరు జారని ఒక్క మనిషి దగ్గర చెప్పుకోండి.

నెహెమ్యా చేసింది ఇదే. కూలిన యెరూషలేము గోడ కట్టుకుంటుంటే అది గిట్టని సన్బల్లటు నవ్వాడు, నక్క ఎక్కినా ఆ గోడ పడిపోతుందని టోబీయా అన్నాడు. నెహెమ్యా 4వ అధ్యాయంలో ఆయన చేసిన ప్రార్థన చదివితే ఎంత కటువుగా ఉంటుందో తెలుస్తుంది. వాళ్ల నిందను వాళ్ల తల మీదికే తిప్పమన్నాడు. ఆ మాట దేవునితో అన్నాడు గానీ సన్బల్లటుతో అనలేదు. వెంటనే పనిలోకి దిగాడు, రాత్రింబవళ్లు కాపలా కూడా పెట్టాడు. 52 రోజుల్లో గోడ పూర్తయింది. కలుసుకుందాం రమ్మని వాళ్ల దగ్గర్నుంచి నాలుగుసార్లు కబురొస్తే, పని విడిచి రాలేనని నాలుగుసార్లూ ఒకటే జవాబు. మా పల్లెల్లో ఒక మాట విని పది మాటలు తిప్పి కొట్టాక ఆ రోజు పని పాడవుతుంది, రాత్రి నిద్ర కూడా పోతుంది. నష్టం ఎవరికో లెక్క వేసుకోండి.

ఇక మనిషికి చెప్పే జవాబు. దీనికి మేము హన్నాను చూపిస్తాం. పిల్లలు లేరని సవతి పెనిన్నా ఏటేటా ఏడిపించింది. ఆమెకు హన్నా బదులు చెప్పినట్టు గ్రంథంలో లేదు. మందిరంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థిస్తుంటే యాజకుడు ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. ఒక్కోసారి అన్నిటికంటే ఎక్కువ నొప్పించే మాట మందిరం లోపలినుంచే వస్తుంది. ఏలీకి మాత్రం ఆమె జవాబు చెప్పింది. అది కాదని మర్యాదగా అని, తాగలేదని స్పష్టంగా చెప్పి, మనోదుఃఖంతో ఉన్నానని తెలిపింది. అంతే. ఆయన మీద నింద వేయలేదు. తర్వాత వెళ్లి భోజనం చేసిందని కూడా రాసి ఉంది. ఆ భోజనం మాటను మేము విడిచిపెట్టం. బాధలో ఉన్న ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఏ ప్రార్థనా నిలబడదు.

అదే పద్ధతిలో మూడు మాటలు చాలు. నిజాన్ని ఒప్పుకోవడం, తెలియనిది తెలియదనడం, సెలవు తీసుకోవడం. "బోరు పడలే, నిజమే అన్నా. ఎందుకో నాక్కూడా సమజైతలేదు. పొద్దెక్కుతుంది, పోయొస్త." పిల్లలు కాలేదని దెప్పే పెద్దమ్మకు: "ఇంకా కాలే పెద్దమ్మా. ఇద్దరం దవాఖానలో చూపించుకుంటున్నం. నీళ్లు పట్టాలె, పోత." (ఇద్దరం అనడం ముఖ్యం. లోపం ఆడమనిషిదే అనుకోవడం మన ఊళ్లలో ఇంకా పోలేదు.) దేవుణ్ని వెనకేసుకొచ్చే పని పెట్టుకోకండి. "చూడు, వచ్చే ఏడు నా దేవుడు నిన్ను సిగ్గుపడేలా చేస్తడు" అనడం శాపమే, దానికి భక్తి ముసుగు వేసినా మారదు. ఫోనులో స్టేటస్‌గా ఎవరికో తగిలేలా వాక్యం పెట్టడమూ అంతే. ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాటకు ఆ రాత్రి జవాబు రాయొద్దు. పొద్దున లేచాక కూడా రాయాలనిపిస్తే, వెళ్లి ఎదురుగా మాట్లాడండి.

అన్ని మాటలూ భక్తికి వచ్చిన హింస కాదు. దొంగగానో, పరుల జోలికి పోయేవాడిగానో మీలో ఎవడూ బాధ పడకూడదని పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయంలో ఉంది. నూటికి 3 రూపాయల మిత్తికి తెచ్చిన పైసలు ఏడాదికి 36 రూపాయలు పెరుగుతాయి. గడువు దాటి మొఖం తప్పించి తిరుగుతుంటే అప్పిచ్చినాయన నాలుగు మాటలంటాడు. దాన్ని సిలువ మోయడం అనొద్దు. ఎదురుపోయి, ఇప్పుడు ఇంత కడతా, మిగతాది పత్తి అమ్మినాక ఫలానా తారీఖున అని చెప్పి, కట్టింది నోటు వెనక రాయించుకోవాలి. విశ్వాసులు చేసే కొన్ని పనులు ఎగతాళిని పిలిచి తెస్తాయి కూడా. నెలాఖరుకల్లా అప్పు తీరుతుందని దేవుని పేరుతో గడువు ప్రకటించడం, అప్పు చేసి కృతజ్ఞత కూటం పెట్టి భోజనాలు పెట్టడం, ప్రార్థనలో చోటు చూపించారని మూడు బోర్లు ఎండినా నాలుగోది వేయడం, స్వస్థత వచ్చిందని షుగరు గోళీలో 6 నెలల క్షయ మందులో మధ్యలో ఆపేయడం. వీటిని చూసి ఊరు మాట్లాడితే తప్పు ఊరిది కాదు. దిద్దుకోవాల్సింది మేమే, అంటే సంఘ పెద్దలం.

మర్రిగూడ, మునుగోడు వైపు ఇంకో రకం నింద ఉంది. ఫ్లోరోసిస్‌తో నడుం వంగినవాళ్లను, కాళ్లు వంకరపోయిన పిల్లలను చూసి "ఏ పాపం జేసిండ్రో" అనడం. పుట్టు గుడ్డివాణ్ని చూసి శిష్యులూ అదే అడిగితే, వీడూ పాపం చేయలేదు, వీడి తల్లిదండ్రులూ చేయలేదని యేసు చెప్పిన జవాబు యోహాను 9వ అధ్యాయంలో ఉంది. మన దగ్గర కారణం కూడా తెలుసు. నేల కింది గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి తెలిసీ పాపం లెక్క తీసేవాళ్లను మెల్లగానే అయినా అక్కడికక్కడే సరిదిద్దాలి. వేరొకరి మీద పడ్డ నిందకు మనం మౌనంగా ఉండటాన్ని సాత్వికం అనుకోకూడదు.

తన మీద పడినదానికి కూడా అన్నిసార్లూ మౌనం అక్కర్లేదు. విచారణలో బంట్రోతు చెంప మీద కొడితే, "నేను తప్పుగా మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, సరిగా మాట్లాడితే ఎందుకు కొడుతున్నావు" అని యేసే అడిగాడు. ఫిలిప్పీ పట్టణంలో విచారణ లేకుండా తనను కొట్టించి, చెరసాలలో వేయించి, తర్వాత గుట్టుగా వెళ్లిపొమ్మన్న అధికారులను అపొస్తలుడు పౌలు వాళ్లే వచ్చి బయటికి తీసుకుపొమ్మన్నాడు. భర్త కొడుతుంటే "ప్రార్థన చేసుకోమ్మా" అని పంపేయడం ఘోరం. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయించాలి, ఆ రాత్రికి ఆమెకూ పిల్లలకూ పడుకునే చోటు చూపాలి. కులం పేరుతో నలుగురిలో దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. వకీలుకు పైసలు లేకపోతే న్యాయ సేవా సంస్థ నంబరు 15100. ఫిర్యాదు ఇచ్చాక కూడా ఆ మనిషి మీద పగ పెంచుకోకుండా ఉండొచ్చు. రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

నిందించినవాడికి మేలు చేయమన్న మాట చాలా మందికి గుటక పడదు. "శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు" అని పౌలు రోమా పత్రిక 12వ అధ్యాయంలో హద్దు పెట్టే చెప్పాడు. మొదటి వారంలో చేయబోకండి, చేతులు వణుకుతుంటాయి. మేలు చిన్నదై ఉండాలి, అతనికి నిజంగా అవసరమైనదై ఉండాలి, ఎవరికీ చెప్పకూడదు. అతని చేనుకు ఒక తడి నీళ్లు తక్కువైతే ఇవ్వడం, ఇంట్లో చావు జరిగితే కట్టెల కాడికి పోవడం, దవాఖానకు బండి వెనక ఎక్కించుకుపోవడం. విందుకు పిలిచి నలుగురిలో నిలబెట్టడం మేలు కాదు, అతణ్ని తగ్గించడమే.

కష్టంలో ఉన్న ఇంటికి పోయేవాళ్లకు: ఇద్దరు మించి పోవద్దు, అరగంట మించి కూర్చోవద్దు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే తప్పు మొదలైంది. చివరి అధ్యాయంలో యోబు చుట్టాలు, తెలిసినవాళ్లు వచ్చి అతని ఇంట్లో అన్నం తిని, తలా ఇంత ఇచ్చి పోయారని ఉంది. చదివింపులు రాసుకునే అలవాటున్న మనకు ఇది కష్టం కాదు, కాకపోతే ఈ పైసలు తిరిగి రావాలని నోటుబుక్కులో రాయొద్దు.

ఆ ఇంటి పెద్ద తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడక, "నా తర్వాత పిల్లల్ని చూసుకోండి" లాంటి మాటలంటుంటే, లేదా హఠాత్తుగా వస్తువులు పంచిపెడుతుంటే, చనిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. పురుగుమందు డబ్బాలు ఆ ఇంట్లోంచి తీయించి వేరే చోట తాళం వేయించండి, రాత్రి ఒంటరిగా వదలకండి. మనసు బాధకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

సంపాదకులు రైతు మరణ వార్త వేసిన ప్రతిసారీ దాని కిందే 14416, 181, 15100 నంబర్లను పెద్ద అక్షరాల్లో వేస్తే, ఆ పేజీని కత్తిరించి మా మందిరాల తలుపులకు, చాయ్ హోటళ్ల గోడలకు అంటించే పని మేము తీసుకుంటాం. జిల్లాలోని గుడి కమిటీలను, మసీదు కమిటీలను కూడా అడుగుతాం.

ఇట్లు,
గ్రామ ప్రార్థన కూటాల పెద్దలు కొందరు,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా