చుక్క నాకంటే పెద్దదైపోయింది

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం నిన్న అందింది. పాప పిల్లికూనను ఒళ్ళో పెట్టుకుని భోజనానికి లేవనంటోందని రాశావు చూడు, అది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. కానీ ఆఖర్న రాసిన రెండు ముక్కల దగ్గర ఆగిపోయాను. "ఇవి ఎన్నాళ్ళు బతుకుతాయిరా? పోయిననాడు దీన్ని నేనెలా ఊరుకోబెట్టను?" అని అడిగావు. నన్నే ఎందుకడిగావో తెలుసు. మా పిల్లి చుక్కను చూసినవాడివి కదా.

ముందు లెక్క చెప్పేస్తాను. ఇంటిపట్టున ఉంచి శ్రద్ధగా చూసుకున్న పిల్లి మామూలుగా 12 నుంచి 18 ఏళ్ళు బతుకుతుంది. ఇరవై దాటినవీ ఉన్నాయి. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు దాదాపు ఎనిమిది వేల పిల్లుల రికార్డులు తీసి 2024లో తేల్చిన సగటు ఆయుష్షు మాత్రం 11.7 ఏళ్ళు. అది చూసి కంగారుపడకు. కూనగా ఉన్నప్పుడే రోడ్డు మీదో, జబ్బు చేసో పోయినవి కూడా ఆ సగటులో కలిసిపోతాయి. చిన్నప్పటి గండాలు దాటిన పిల్లికి ముందు చాలా ఏళ్ళే ఉంటాయి. ఆడపిల్లులు మగవాటికంటే ఏడాదికి పైగా ఎక్కువ బతుకుతాయని కూడా అందులోనే తేలింది. ఇక గిన్నిస్ రికార్డు సంగతి వింటే నువ్వు నమ్మవు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో క్రీమ్ పఫ్ అనే పిల్లి 1967 ఆగస్టు 3న పుట్టి, 2005 ఆగస్టు 6 దాకా బతికింది. 38 ఏళ్ళ మూడు రోజులు! దాంతోపాటు పుట్టిన పిల్లవాడికి ఆ పిల్లి పోయేనాటికి బడికెళ్ళే పిల్లలుండి ఉంటారు.

అయినా నువ్వు అడిగింది అంకెల గురించి కాదని నాకు తెలుసురా.

చుక్క మా ఇంటికొచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు, ఇప్పుడు మీ పాప వయసే. దానికి రెండు నెలలు. ఒళ్ళంతా తెలుపు, నుదుటి మీద మాత్రం నల్లటి చుక్క. కళ్ళు ఇంకా లేత నీలంగానే ఉండేవి. పిల్లికూనలన్నిటికీ పుట్టుకతో నీలమే ఉంటుంది, రెండు నెలలు వచ్చేసరికి అసలు రంగు బయటపడటం మొదలవుతుంది. ఒకరోజు పొద్దున చూస్తే కనుపాప చుట్టూ సన్నగా పసుపురంగు గీత వచ్చింది. దానికి ఏదో జబ్బు చేసిందని నేను ఏడుపు లంకించుకున్నాను.

ఆ ఏడాది నాకు పాలపళ్ళు ఊడుతున్నాయి. చుక్కకు నాలుగో నెల రాగానే దానికీ మొదలయ్యాయి! పిల్లికి పాలపళ్ళు 26, మనకు 20. అవి సాధారణంగా కనిపించవు, తింటూ తింటూ మింగేస్తాయి. ఒక్కటి మాత్రం నాకు చాప మీద దొరికింది. బియ్యపు నూకంత ఉంది. వేలి కొసకు అంటించుకుని వెలుతురులో పెట్టి చూస్తే అవతలి వైపు కనిపిస్తుందేమో అన్నంత పల్చగా, కొస మాత్రం సూదిలా ఉంది. నా పళ్ళు దాచుకున్న అగ్గిపెట్టెలోనే దాన్నీ పెట్టాను. దానికీ నాకూ ఒకేసారి పళ్ళూడుతున్నాయి కాబట్టి అది నాకు చెల్లెలని నా లెక్క. ఇంట్లో అందరికీ అలాగే చెప్పేవాడిని.

కానీ చుక్క చెల్లెలుగా ఎన్నాళ్ళో ఉండలేదురా. పిల్లి వయసును ఏడుతో హెచ్చవేస్తే మనిషి వయసు వస్తుందంటారు చూశావూ, అది తప్పు. పిల్లి మొదటి ఏడాదిలోనే మన పదిహేనేళ్ళంత ఎదిగిపోతుంది. రెండేళ్ళు నిండేసరికి ఇరవై నాలుగు. ఆ తర్వాత దాని ఒక్కో ఏడూ మనకు సుమారు నాలుగేళ్ళు. అంటే నేనింకా మూడో క్లాసు దాటకముందే అది నన్ను దాటేసి అక్క అయిపోయింది. నేను పదో క్లాసు పరీక్షలు రాసేనాటికి దానికి ఎనిమిదేళ్ళు, మన లెక్కలో నలభై ఎనిమిది. అంటే అప్పటి మా అమ్మకంటే పెద్దది! రాత్రిళ్ళు నేను చదువుతుంటే సరిగ్గా తెరిచిన పేజీ మీదే వచ్చి పడుకునేది. తల ఎత్తి నన్ను చూసి, నెమ్మదిగా కళ్ళు మూసి తెరిచేది. నిద్రొస్తోందేమో అనుకునేవాడిని. అలా మెల్లగా రెప్ప వాల్చడం దాని పలకరింపట, మనమూ అలాగే చేస్తే పిల్లులు బదులిస్తాయట. ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో పరీక్షించి మరీ చెప్పారు. పాపకు ఈ రోజే నేర్పించు. మాటలొచ్చినట్టే ఉంటుంది.

మా వంటింటి ద్వారబంధం గుర్తుందా నీకు? ఎడమ చెక్క మీద మా నాన్న ప్రతి ఏడూ పెన్సిల్‌తో నా ఎత్తు గీసేవాడు. చుక్క అదే చెక్కను పట్టుకుని ఒళ్ళు సాగదీసి గోళ్ళు గీరేది. ఎన్నిసార్లు తరిమినా అక్కడికే. నా గీతలు ఏటేటా పైకి పోతుంటే, దాని గీతలు చాలాకాలం ఒకే ఎత్తులో, నా మోకాలికి కొంచెం పైన ఉండేవి. నేను ఉద్యోగానికి వెళ్ళిన ఏడాది సెలవుల్లో వచ్చి చూస్తే, కొత్త గీతలు బాగా కిందికి వచ్చాయి. పాతవాటికి జానెడు కింద, అదీ అంత లోతుగా లేవు. దానికప్పుడు పదిహేనేళ్ళు. మన లెక్కలో డెబ్భై ఆరు.

అక్కడే నేను పొరపాటు చేశాను శీనూ, నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. అంతకు రెండేళ్ళ ముందు నుంచే అది బీరువా మీదికి ఒక్క ఊపున దూకడం మానేసింది. ముందు కుర్చీ, తర్వాత బల్ల, ఆ తర్వాతే పైకి. పెద్దదైంది, నెమ్మదించింది అనుకున్నాం. కీళ్ళనొప్పులని ఎవరికీ తట్టలేదు. పన్నెండేళ్ళు దాటిన పిల్లులకు ఎక్స్‌రే తీస్తే చాలావాటిలో కీళ్ళు అరిగి కనిపిస్తాయి. కానీ పిల్లి కుంటదు, మూలగదు, నొప్పిని దాచుకుంటుంది. మనమే కనిపెట్టాలి. తర్వాత బకెట్ దగ్గర కూర్చుని చాలాసేపు నీళ్ళు తాగడం చూశాను. ఎండలకు దాహం వేస్తోందనుకుని గిన్నె నింపి ఊరుకున్నాను. ఒళ్ళు నిమిరితే వెన్నుపూస చేతికి తగిలినప్పుడు గానీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళలేదు. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ముసలి పిల్లుల్లో ఇది చాలా మామూలు జబ్బట. సాధారణ రక్తపరీక్షలో బయటపడేసరికే కిడ్నీల పనితనం చాలావరకు పోయి ఉంటుందట. ఆ నీళ్ళ బకెట్ రోజునే వెళ్ళి ఉంటే అని ఇప్పటికీ బాధపడతాను. తిండి మార్చాం, మందులు వేశాం, రెండేళ్ళు బతికింది. ఆ రెండేళ్ళూ బాగానే ఉంది.

కాబట్టి మీ కూనకు ఏడెనిమిదేళ్ళు దాటాక ఏటా డాక్టర్‌కు చూపించు, నెలనెలా బరువు తూచు. ముందు పాపను ఒక్కదాన్నే తూచి, తర్వాత పిల్లిని పాప చేతికిచ్చి తూచి, తేడా చూసుకున్నా సరిపోతుంది. ఇప్పుడైతే టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వాయిదా వేయకు. ఆపరేషన్ చేయించినవి ఎక్కువ కాలం బతుకుతాయి. పాలు పోయనక్కర్లేదు, పెద్దయ్యాక చాలా పిల్లులకు అరగవు. మాంసం లేకుండా పెంచుదామని మాత్రం అనుకోకు. టౌరిన్ అనే పదార్థం పిల్లికి తిండిలోంచే అందాలి, అది మాంసం, చేపల్లోనే ఎక్కువ. అది లేకపోతే గుండె, కళ్ళు రెండూ దెబ్బతింటాయి. జ్వరంగా ఉందని పారాసెటమాల్ వేయొద్దు, చిన్న ముక్కయినా ప్రాణం తీస్తుంది. లిల్లీ పూలు ఇంట్లోకి రానివ్వకు, అవీ పిల్లికి విషమే. చెల్లెమ్మకూ ఇవన్నీ చెప్పు.

ఇక ఊరుకోబెట్టే సంగతి. అన్నీ సవ్యంగా సాగితే ఆ రోజు నువ్వు ఊరుకోబెట్టాల్సింది ఈ ఏడేళ్ళ పాపను కాదురా. చుక్క పోయినప్పుడు నాకు ఇరవై నాలుగు. అప్పటికి దాని చూపు మందగించడం, గోళ్ళు మందమై లోపలికి వంకరపోతే నేనే కత్తిరించడం, మంచం పక్కన దానికోసం పీట వేయడం, అన్నీ చేశాను. తెల్లవారుజామున నా చొక్కా మీద పడుకునే పోయింది. ఏడ్చాను, బాగా ఏడ్చాను. ఇంట్లో ఎవరూ 'పిల్లికోసం ఇంతా' అనలేదు. నువ్వూ అనకు. ప్రాచీన ఈజిప్టులో ఇంటి పిల్లి పోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఒకవేళ ముందుగానే ఏమైనా జరిగితే, ఎక్కడికో వెళ్ళిపోయిందని పాపకు అబద్ధం చెప్పకు. చచ్చిపోయిందనే చెప్పు. లేకపోతే గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుంది.

మీ కూనకు ఇప్పుడు రెండు నెలలన్నావు కదా. ఇంకో రెండు నెలలకు పళ్ళూడతాయి. గిన్నె చుట్టూ, పక్క మీద, పాపను రోజూ వెతకమను. దొరికితే తన పళ్ళతో పాటే దాచుకోమను. నా అగ్గిపెట్టె ఇంకా ఉంది, ఈసారి వచ్చినప్పుడు తెచ్చి చూపిస్తాను.

ఉంటాను మరి,
రాజు