చావోస్ కాదు, కేయాస్

అందరికీ నమస్కారం. నిన్న మన ఇంగ్లిష్ గ్రూపులో ఒకరు వాయిస్ మెసేజ్‌లో chaos (గందరగోళం) అనే మాటను ‘చావోస్’ అన్నారు. స్పెల్లింగ్ చూస్తే ఎవరైనా అలాగే అంటారు లెండి, కానీ పలకాల్సింది ‘కేయాస్’. పెళ్లి భోజనాల దగ్గర తోపులాట కేయాస్; పిల్లలు బొమ్మలు పరిచేసిన గది మెస్ (మనకేమో మెస్ అంటే భోజనమే గుర్తొస్తుంది!). మీకు తికమకగా ఉంటే ‘ఐ యామ్ కన్‌ఫ్యూజింగ్’ అనకండి, మీరే ఎదుటివాళ్లను తికమక పెడుతున్నారని అర్థం. ‘కన్‌ఫ్యూజ్డ్’ అనాలి.

నాకు నచ్చిన మాట ‘బెడ్‌లమ్’. లండన్‌లో 1247లో బెత్లెహేమ్ పేరుతో ఒక మఠం పెట్టారు. తర్వాత అదే మానసిక రోగుల ఆసుపత్రి అయింది. జనం నోట్లో ఆ పేరు బెడ్‌లమ్‌గా అరిగిపోయి, చివరికి గోలగోలకే పేరైపోయింది.

రేపటికి వీటిలో ఏదో ఒక మాటతో మీ ఇంటి సంగతి ఒక వాక్యం పెట్టండి. టైప్ వద్దు, వాయిసే.