వన్ లైనర్ తెలిస్తే చాలదు, నోరు తెరిపించి చూడాలి

ఎడిటర్ గారికి,

ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీకి చదివే పిల్లల బట్టీ గురించి ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, తప్పు పెడితే నెగెటివ్ మార్కు. అలాంటి పరీక్షకి కంటి నల్లగుడ్డు చుట్టూ కనిపించే కేఎఫ్ రింగ్ అంటే ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బు, రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలంటే హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ అని, ఇలా ఒక గుర్తుకి ఒక జబ్బు చొప్పున వన్ లైనర్లు బట్టీ పట్టక తప్పదు, అందులో తప్పేమీ లేదు. ఓపీలో నాకూ అవే గుర్తొస్తాయి.

నా బాధల్లా అవి ఒకవైపు నుంచే గుర్తుంటున్నాయని. కాప్లిక్ మచ్చలు అనగానే తట్టు అంటారు. కానీ తల్లి బిడ్డని తెచ్చి కాప్లిక్ మచ్చలున్నాయని చెప్పదు కదా, జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడ్డాయి అంటుంది. ఆ మచ్చలు ఒంటి మీద దద్దుర్లు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే చెంప లోపలివైపు, దవడ పళ్లకి ఎదురుగా, ఎర్రటి చోట ఉప్పు రవ్వల్లా తెల్లగా కనిపిస్తాయి, దద్దుర్లు బాగా పొక్కేసరికి పోతాయి. బిడ్డని మిగతా పిల్లలకి దూరంగా ఉంచడానికి దొరికే టైము అదే. మా హౌస్ సర్జన్లలో జవాబు తెలియనివాళ్లు లేరు, టార్చి వేసి నోట్లో చూసేవాళ్లే తక్కువ.

టైఫాయిడ్‌కి రోజ్ స్పాట్స్, అంటే ఒంటి మీద గులాబీ రంగు మచ్చలు అంటారు. తెల్లవాళ్ల ఒంటి మీద కనిపించినట్టు మన చామనఛాయ ఒంటి మీద అవి కనిపించవు, అవి లేవని టైఫాయిడ్ కాదనుకుంటే ఎలా?

నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా అంటే కాసల్ నెక్లెస్ (మెడ చుట్టూ హారంలా వచ్చే మచ్చ), మొక్కజొన్న తిండి. మరి జొన్న తినే మన తెలంగాణ పల్లెల్లోనూ పెల్లాగ్రా ఉండేదని, జొన్నలో ఎక్కువగా ఉండే అమైనో ఆమ్లమైన లూసిన్‌కి దానితో సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించింది మన హైదరాబాద్‌లోనే, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన గోపాలన్ గారి బృందమని ఎంతమందికి తెలుసు? నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే నల్గొండ ఫ్లోరోసిస్ కూడా చాలామందికి పరీక్షలో ఒక ఆప్షన్ మాత్రమే. ఉద్దానం కిడ్నీ జబ్బుకైతే కారణమే తేలలేదు, వన్ లైనర్ ఎక్కడి నుంచి వస్తుంది!

కాబట్టి ప్రొఫెసర్లకి నా విన్నపం ఒకటే. ఫైనలియర్ వైవాలో సగం ప్రశ్నలైనా తిప్పి అడగండి: ఈ బిడ్డకి మూడు రోజులుగా జ్వరం, ముందు ఎక్కడ చూస్తావు, ఏం కోసం చూస్తావు, అది కనిపించకపోతే ఏం చేస్తావు అని.

- ఒక జనరల్ మెడిసిన్ డాక్టర్, ఖమ్మం