మెదడు ఆపరేషన్ గురించి పూర్తిగా చెప్పండి

ఎడిటర్ గారికి,

మా నాన్నకు పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు వచ్చి పదకొండేళ్లు. మాత్ర వేసుకున్న కాసేపటికి లేచి తిరుగుతారు, మందు పవర్ తగ్గగానే కుర్చీలోంచి లేవలేరు, మధ్యలో ఒళ్లు దానంతటదే మెలికలు తిరుగుతుంది. ఇలాంటివాళ్లలో చాలామందికి డీబీఎస్, అంటే మెదడు లోపల సన్నటి తీగలు పెట్టి ఛాతీ దగ్గర చర్మం కింద అమర్చిన బ్యాటరీతో కొద్దిపాటి కరెంటు పంపే చికిత్స, బాగా పనికొస్తుంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో న్యూరోసర్జన్ బెనాబిడ్ బృందం దీనికి దారి వేసింది, ఇప్పుడు మన నిమ్స్‌లోనూ చేస్తున్నారు.

కానీ మేం వెళ్లిన ఒక ఆసుపత్రిలో జబ్బే పోతుందన్నట్టు మాట్లాడారు. పోదు! వణుకు, బిగుసుకుపోవడం తగ్గుతాయి, మాత్రలు తగ్గించుకోవచ్చు, అంతే. జబ్బు లోపల ముదురుతూనే ఉంటుంది, మతిమరుపుకు ఇది మందు కాదు, వణుకు తప్ప లెవోడోపాకు, అంటే ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మందుకు, లొంగని లక్షణాలు దీనికీ పెద్దగా లొంగవు. రీఛార్జ్ చేయలేని మామూలు బ్యాటరీని కొన్నేళ్లకోసారి మార్చాలి, ఆ ఖర్చు ముందే చెప్పాలి కదా.

డిప్రెషన్‌కు కూడా ఇదే మందని నమ్మేవాళ్లున్నారు. మందులకు లొంగని ఓసీడీకి, అంటే వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వెంటాడే మానసిక సమస్యకు, 2009లో అమెరికా పరిమిత అనుమతి ఇచ్చింది గానీ డిప్రెషన్‌పై ఇంకా పరిశోధనలే జరుగుతున్నాయి. దయచేసి మీ ఆరోగ్యం పేజీలో న్యూరాలజిస్టులతో ఇవన్నీ వివరంగా రాయించండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం