పీకితే 600, నిలబెడితే 8,500

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కదిరి, బెంగళూరు వచ్చి 14 ఏళ్ళయింది, మారతహళ్ళిలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్ళల్లో పనిచేసే అక్కది కూడా మా పక్క ఊరే. పోయిన సంక్రాంతికి ఆమెకి కుడిపక్క దవడ పన్ను సలుపు పట్టుకుంది, లవంగం నొక్కిపెట్టుకుని, మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు తెచ్చుకుని రెండు వారాలు లాక్కొచ్చింది, బుగ్గ బూరెలా వాచాక నేనే బలవంతంగా క్లినిక్‌కి తీసుకుపోయాను. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే పన్ను నిలబడుతుంది అన్నాడు డాక్టరు, మొత్తం 8,500. పీకితే 600. ఆమె ఆలోచించను కూడా లేదు, పీకేయండి సార్ అనింది. అంతకుముందే ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్న ఆయుష్మాన్ కార్డు తీసి చూపించింది పాపం, అది పళ్ళకి రాదమ్మా అన్నారు.

నా బాధ అక్కడే. 2018లో వచ్చిన ఈ స్కీములో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు గవర్నమెంటే కడుతుంది, దవడ విరిగినా, నోటి క్యాన్సర్ వచ్చినా ఆపరేషన్ చేస్తారు, చాలా మంచి పని. కానీ పిప్పి పన్నుకి సిమెంట్ పెట్టడం, రూట్ కెనాల్, చిగుళ్ళ క్లీనింగ్ ఇవన్నీ అడ్మిట్ అవ్వకుండా కుర్చీలో కూర్చుని చేయించుకునేవి కాబట్టి లెక్కలోకి రావు. పిల్లలకి 18 ఏళ్ళ దాకా గవర్నమెంట్ స్కూళ్ళల్లో పిప్పి పళ్ళు చూసి ఆస్పత్రికి పంపే ఆర్‌బీఎస్‌కే అనే సెంట్రల్ గవర్నమెంట్ స్కీము ఉంది. బీపీఎల్ కార్డున్న పెద్దవాళ్ళకి కర్ణాటకలో దంతభాగ్య కింద ఫ్రీగా కట్టుడు పళ్ళు ఇస్తారు. మధ్యలో, రెక్కలు ముక్కలు చేసుకునే వయసులో ఉన్నవాళ్ళ సంగతేంది? పళ్ళన్నీ ఊడినాక సెట్టు ఇచ్చే గవర్నమెంటు, ఉన్న పన్ను నిలబెట్టడానికి ఎందుకివ్వదు?

విక్టోరియా ఆస్పత్రి దగ్గర గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది కదా, తక్కువలో అయిపోతుంది కదా అంటారు. నిజమే. కానీ రూట్ కెనాల్ అంటే ఒక్కరోజుతో తేలదు, మూడు నాలుగు సార్లు తిరగాలి, మా ఏరియా నుంచి ఆ కాలేజీ ఉన్న కె.ఆర్. మార్కెట్ దాకా పోయి లైన్లో నిలబడి వచ్చేసరికి పొద్దుగూకుతుంది, నాలుగోసారి లీవు అడిగితే వేరే మనిషిని పెట్టుకుంటారు.

డాక్టర్లకి కరువా అంటే అదీ లేదు, ఈ ఊర్లో వీధికో డెంటల్ క్లినిక్, డెంటల్ కాలేజీలే డజనుకు పైన ఉన్నాయి. వాటినే ఆయుష్మాన్‌లో చేర్చుకుని, సిమెంటుకి ఇంత, రూట్ కెనాల్‌కి ఇంత అని రేటు కట్టి కార్డు మీద చేయించమనండి. సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం కూడా చూసేలా పెట్టాలి, లేకపోతే కార్డున్నా పనిచేసుకునేవాళ్ళు పోలేరు. పళ్ళంటే అందం విషయం అని తీసిపారేయొద్దండీ, చిగుళ్ళ జబ్బుంటే షుగర్ ఒక పట్టాన కంట్రోల్‌కి రాదు, షుగరుంటే చిగుళ్ళు ఇంకా పాడవుతాయి, ఆ షుగర్ ముదిరి ఆస్పత్రిలో చేరితే మళ్ళీ ఈ కార్డు మీదే కట్టాలి కదా.

అక్క ఇప్పుడు సంగటి అయితే తినగలుగుతుంది, మేం చపాతీ ఇస్తే టీలో నానబెట్టుకుంటుంది. ఎడమపక్క పన్ను కూడా లాగుతోందంట, పోయిన వారం లవంగ నూనె ఉందా అని అడిగింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు